వెంగమాంబ గురించి ఈ ఆదివారం

అక్కలకూ, చెల్లెళ్లకూ నమస్కారం.

ఈసారి కూర్చున్నప్పుడు ఒక్క విషయమే మాట్లాడుకుందాం. దేవుడి గురించి ఆడవాళ్లు చేసిన ఆలోచన మన తర్వాతి వాళ్లకు ఎలా అందుతుంది?

తిరుమల కొండ మీద రోజూ వేలమంది తరిగొండ వెంగమాంబ పేరున్న భవనంలో అన్నప్రసాదం తింటారు. 18వ శతాబ్దంలో, భర్త పోయాక కూడా శ్రీనివాసుడే నా భర్త అని పసుపు కుంకుమలు వదలని మనిషి ఆమె. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? దీన్ని ఉత్త భక్తి అంటే నేను ఒప్పుకోను. విధవకు పెట్టిన హద్దును దేవుణ్ణే సాక్షిగా నిలబెట్టి దాటింది. ఏకాంత సేవలో ముత్యాల హారతి ఇప్పటికీ ఆమె పేరు మీదే సాగుతోంది. ధనుర్మాసంలో సుప్రభాతం బదులు వినిపించే తిరుప్పావై కూడా ఒక ఆడపిల్ల, ఆండాళ్, పాడిందే కదా.

మహిళా యూనివర్సిటీలో చదివే మన అమ్మాయిలు ఇంకో అడుగు ముందుకేసి అడుగుతున్నారు. హారతి ఉంది, అర్చకత్వం ఎందుకు లేదు? నెలసరి రోజుల్లో గడప బయటే ఎందుకు ఆగాలి? పెద్దవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది. అయినా ఆ అమ్మాయిల నోరు మూయించొద్దని నా మనవి. 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ చర్చికి) తొలి మహిళా బిషప్ అయ్యారు. అక్కడా ముందు ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

పెద్దవాళ్లు తమ అమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఒకటి గుర్తు చేసుకుని రండి. అమ్మాయిలు ప్రశ్నలు రాసుకుని రండి. ముందు వాళ్లే మాట్లాడతారు. రాలేనివాళ్లు శనివారం లోపు ఇక్కడే వాయిస్ మెసేజ్ పెట్టండి, అందరికీ వినిపిస్తాను.