వసంత శిబిరాల్లో ఫోన్ కూతలు వద్దు

సంపాదకుల వారికి,

వసంతం రాగానే ప్రాంతీయ పక్షి వీక్షక సంఘాలు శని, ఆదివారాల్లో సభ్యులను ఒకచోట చేర్చి, వేకువ నడకలు, కొత్తవారికి పక్షులను పోల్చుకునే పాఠాలు, సాయంత్రం ఆ రోజు గుర్తించిన పక్షుల జాబితాల పరిశీలన ఏర్పాటు చేయడం ఎంతో మంచి పని. బైనాక్యులర్ సరిచేసుకోవడం మొదలుకొని కూతను బట్టి పక్షి పేరు చెప్పడం వరకు నాకు తెలిసినదంతా అలాంటి శిబిరాల్లోనే నేర్చుకున్నాను కనుక, వాటి మీద ఉన్న ప్రేమతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి వసంతంలో ఒక శిబిరంలో, పొదలో దాగిన చిన్న పక్షిని బయటకు రప్పించడానికి దాని కూతనే ఫోన్‌లో పదేపదే వినిపించారు. పక్షి వచ్చింది, మేమంతా కళ్లారా చూశాం, ఫొటోలు తీసుకున్నాం. అది మాత్రం కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ, ఎక్కడా కనిపించని శత్రువు కోసం వెతుకుతూనే ఉండిపోయింది. ఆ రోజు వద్దని చెప్పలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వసంతంలో మగపక్షి పాడేది తోడును పిలవడానికి, తన హద్దును కాపాడుకోవడానికి. అదే జాతి కూత పక్కనే వినిపిస్తే, మరో మగపక్షి తన చోటులోకి చొరబడిందని భావించి, మేతకూ గూటికీ వెచ్చించవలసిన సమయాన్ని లేని ప్రత్యర్థి మీద ఖర్చు చేస్తుంది. వలస వచ్చిన పక్షుల విషయంలో ఇది మరింత అన్యాయం. 2022లో గాడ్‌విట్ అనే ఒక వలస పక్షి అమెరికాలోని అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా వరకు సుమారు 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా 11 రోజులు ఎగిరింది. అంత ప్రయాణం కాకపోయినా, అలసి దిగిన ప్రతి పక్షికీ కావలసింది విశ్రాంతీ, తిండీ. గూళ్ల దగ్గర గుమిగూడడం కూడా ఇలాంటిదే: తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడతాయి, మన అలికిడిని బట్టి కాకులు గూటిని పసిగడతాయి.

జాబితా పెంచుకోవాలన్న తపన నాకూ ఉంది. అయితే పక్షి వీక్షకులు తమ జాబితాలు దాచుకునే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయడానికి పక్షిని చూసి తీరాలన్న నియమమేమీ లేదు. కూత విని గుర్తుపట్టినా చాలు. అసలు 1900లో అమెరికాలో పక్షి శాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ క్రిస్మస్ నాటి పక్షుల లెక్కింపును ప్రతిపాదించింది, పండుగకు పక్షులను వేటాడే ఆనవాయితీకి బదులుగానే. పక్షికి హాని తగ్గించడానికి పుట్టిన అలవాటు దాన్నే వేధించే స్థితికి రాకూడదు.

కాబట్టి సంఘాలు ఆహ్వాన పత్రంలోనే, గూడు కట్టే కాలంలో రికార్డు చేసిన కూతలు వాడరాదని, గూటి దగ్గర ఆగరాదని స్పష్టంగా రాయాలి; నడకకు ముందు బృంద నాయకులు ఆ మాటే మళ్లీ చెప్పాలి. మీ పత్రిక కూడా గూటి ఫొటోలు ప్రచురించేటప్పుడు ఆ గూడు ఉన్న చోటు వివరాలు ఇవ్వవద్దని మనవి.

ఇట్లు,
ఒక పక్షి వీక్షకుడు