41వ కీర్తన కూడికలు, ధ్యానాల పుస్తకం: జమా ఖర్చుల వివరణ

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, యౌవనస్థులకు, ఊరికి దూరంగా ఉంటూ కూడా ఈ పనికి సాయం చేసిన వారందరికీ ప్రభువు పేరట వందనాలు.

ఈ ఏడాది లెంట్ (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల) శుక్రవారాల్లో బైబిల్లోని 41వ కీర్తన మీద కూడికలు పెట్టుకున్నాం. ఆ ధ్యానాలను చిన్న పుస్తకంగా వేయించాలని కూడా అనుకున్నాం. ఈస్టర్ తర్వాత లెక్క చదవాల్సి ఉన్నా, ఈ డబ్బుతో సాయం చేసిన ఒక రోగి ఆసుపత్రి చివరి బిల్లు రాకుండా సగం లెక్క చదవడం ఇష్టం లేక ఆగాం. ఈలోపు "పుస్తకం డబ్బులు ఏమయ్యాయి" అనే మాట గుడి మెట్లు దిగి బజారు దాకా వెళ్లింది. అందుకే ఈసారి లెక్క నోటితో చదివి ఊరుకోకుండా రాసి ఇస్తున్నాం.

ముందు జమ.

కూడికల్లో కానుకల పెట్టె: రూ. 38,460.
పుస్తకం కోసం ప్రత్యేకంగా ఇచ్చినవి: రూ. 62,000.
స్త్రీల సమాజం గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చినది: రూ. 14,200.
హైదరాబాద్‌లోనూ విదేశాల్లోనూ ఉన్న మన పిల్లలు బ్యాంకు ద్వారా పంపినవి: రూ. 40,000.
మొత్తం రూ. 1,54,660.

ప్రేమవిందుకు బియ్యం, కూరగాయలు, కట్టెలు తెచ్చి ఇచ్చిన వారి సాయం ఈ అంకెల్లో కనపడదు. వారికి మా కృతజ్ఞతలు. గుప్పెడు బియ్యం సంగతి వేరే చెప్పాలి. కూలికి వెళ్లి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టిన బియ్యం అవి. ఆ తల్లులు ఇప్పటిదాకా ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇక ఖర్చు. షామియానా, మైకు, లైట్లకు 16,500. వాక్యం చెప్పడానికి వచ్చిన సేవకుల ప్రయాణం, కానుకలు 12,000. చివరి రోజు ప్రేమవిందుకు 27,340. మంచం పట్టిన మన సంఘస్థుల ఇళ్లకు వెళ్లినప్పుడు మందులకు, పండ్లకు 9,600. పుస్తకానికి ప్రెస్ వారికి అడ్వాన్సు 20,000. వీటి రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి. ప్రేమవిందు ఖర్చు ఎక్కువైందని ఒకరిద్దరు అన్నారు. ఆ రోజు వచ్చిన వారిలో సగం మంది మన సంఘం వారు కారు. వచ్చిన వారికి అన్నం పెట్టకుండా పంపలేం.

మిగిలిన ఖర్చు ఒక్కటే. ఆసుపత్రికి రూ. 58,000. అందరూ అడుగుతున్నది దీని గురించే కాబట్టి ఉన్నదంతా చెబుతాం.

కూడికలు సగంలో ఉండగా ఒక రాత్రి మన ఊరి సహోదరుడికి కడుపులో పేగుకు రంధ్రం పడింది. తెల్లారేదాకా ఆగితే బతకడని డాక్టర్లు చెప్పారు. ఇంటివాళ్లు కంగారులో దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. "ఆరోగ్య పథకం కార్డు ఉందిగా, మన డబ్బు ఎందుకు?" అని కొందరు అడిగారు. మేమూ ఆ రాత్రి అదే అడిగాం. ఆ ఆసుపత్రి ప్రభుత్వ పథకం జాబితాలో లేదు. జాబితాలో లేని చోట కార్డు చెల్లదు. వేరే ఆసుపత్రికి మార్చమంటే, ఆ స్థితిలో దారిలోనే ప్రాణం పోతుందన్నారు. ఆపరేషన్‌కు ముందే డబ్బు కట్టమన్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరో మీకు తెలుసు. ఒకప్పుడు మన కమిటీలోనే ఉన్నారు, మా ఇళ్లలో భోంచేశారు. సమాధుల తోట గోడ విషయంలో సంఘం రెండుగా చీలినప్పుడు మా మీద పైవారికి ఫిర్యాదు రాసి సంతకాలు సేకరించారు. ఆ తర్వాత ఆరాధనకు రావడమే మానేశారు. ఆ ఫిర్యాదు వల్ల మాలో కొందరి ఇళ్లలో ఎంత టెన్షన్ ఉందో మాకు తెలుసు, మా పిల్లలకు తెలుసు. కాబట్టి "మనల్ని తన్నినవాడికి మన డబ్బా?" అని అడిగిన వారి మీద మాకు కోపం లేదు. ఆ రాత్రి పాస్టరుగారి ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ మాట మొదట అన్నది కమిటీ సభ్యుడే.

అప్పుడు పాస్టరుగారు మాకేమీ ఉపదేశం చేయలేదు. మనం అన్ని శుక్రవారాలుగా చదువుతున్న కీర్తనే తెరిచి మొదటి వచనం చదివారు. "బీదలను కటాక్షించువాడు ధన్యుడు, ఆపత్కాలమందు యెహోవా వానిని తప్పించును." ఏ బీదవాణ్ణి, మనతో ఉన్నవాణ్ణా, మనల్ని వదిలిపోయినవాణ్ణా అని ఆ వచనంలో లేదు. మూడో వచనంలో రోగశయ్య మీద ఉన్నవాణ్ణి ఆదరించేది దేవుడే. దేవుడు ఆదరించే మంచం దగ్గర మేం ఏ మొహంతో లెక్క అడుగుతాం?

తొమ్మిదో వచనం మాకు తెలియక కాదు. నమ్మినవాడు, తన ఇంట భోజనం చేసినవాడు తన్నడానికి మడమ ఎత్తాడని దావీదు ఏడ్చిన వచనం అది. కీర్తనలో ఎవరి పేరూ లేదు గానీ, దావీదు మీద తిరగబడ్డ కొడుకు అబ్షాలోము వైపు తిరిగిపోయిన మంత్రి అహీతోపెలు గురించే అని చాలామంది పెద్దలు చెబుతారు. పదో వచనంలో దావీదు, నన్ను లేవనెత్తు, వారికి ప్రతికారం చేస్తాను అని కూడా ప్రార్థించాడు. ఇది చూపించి ఒక సహోదరుడు మమ్మల్ని గట్టిగానే నిలదీశారు. ఆయనకు మా జవాబు ఇది. దావీదు రాజు. తిరుగుబాటుకు తీర్పు తీర్చే బాధ్యత ఆయనది. ఆ దావీదే తన శత్రువుల మీద మొరపెట్టకముందు నాలుగో వచనంలో "నేను పాపం చేశాను, నన్ను కరుణించు" అన్నాడు. అహీతోపెలు విషయంలో కూడా, వాడి ఆలోచనను చెడగొట్టమని దేవుణ్ణి అడిగాడు, తన చేతులతో వాణ్ణి చంపలేదు. ఇది రెండో సమూయేలు 15వ అధ్యాయంలో ఉంది. యేసు ప్రభువు ఇదే తొమ్మిదో వచనాన్ని యోహాను 13వ అధ్యాయంలో తన శిష్యుల ముందు ఎత్తి చెప్పాడు. చెప్పక ముందు ఏం చేశాడు? పళ్లెంలో నీళ్లు పోసి వాళ్ల కాళ్లు కడిగాడు. తనను అప్పగించబోయే యూదా ఇంకా అక్కడే ఉన్నాడు. చెప్పిన తర్వాత ఏం చేశాడు? ముక్క ముంచి యూదా చేతికిచ్చాడు. ఆ బల్ల దగ్గర నుంచి వచ్చినవాళ్లం మనం. పడుకుని ఉన్న మనిషిని పాత ఫిర్యాదు గురించి అడిగే హక్కు మాకు కనపడలేదు.

మన గుంటూరు ప్రాంతంలో ఇది కొత్త సంగతి కూడా కాదు. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచినప్పుడు అక్కడికి వచ్చిన వారంతా సంఘస్థులా? మన తాతమ్మల, అమ్మమ్మల కాన్పులు ఆ దయ వల్లే జరిగాయి.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ప్రెస్ అడ్వాన్సు పోగా పుస్తకం ఖాతాలో 42,000 ఉంది. అది మొత్తం తీశాం. కానుకల పెట్టె నుంచి 16,000 కలిపాం. చేతికి నగదు ఎవరికీ ఇవ్వలేదు. సంఘం ఖాతా నుంచి నేరుగా ఆసుపత్రి ఖాతాకు వెళ్లింది. తీర్మానం మీద కమిటీ సభ్యులందరి సంతకాలు ఉన్నాయి, మొదట వద్దన్న సభ్యుడి సంతకంతో సహా. సంఘాన్నంతా పిలిచి అడగలేదేం అంటున్నారు. అర్ధరాత్రి గంట కొట్టి సంఘాన్ని పిలిచే లోపు మనిషి దక్కడు. మరుసటి రోజే పుస్తకానికి ఇచ్చిన వారికి ఫోన్లు చేసి చెప్పాం. ఎక్కువమంది మంచి పని చేశారన్నారు. ఇద్దరికి నచ్చలేదు. వారి డబ్బు వెనక్కి కావాలంటే ఇస్తామని అప్పుడే చెప్పాం, ఇప్పుడూ అదే మాట. పౌలు కూడా ధర్మపు సొమ్ము విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా మనుషుల దృష్టికి కూడా మంచిదిగా ఉండాలని కొరింథీయులకు రాశాడు. అందుకే ఈ కాగితం.

ఒక బాధ మాత్రం చెప్పకుండా ఉండలేం. ఆసుపత్రికి చూడటానికి వెళ్లిన కొందరు మంచం పక్కన ప్రార్థన చేసి, బయటికొచ్చి "వీడు లేవడు, ఆ డబ్బు గంగలో పోసినట్టే" అన్నారు. ఇదే కీర్తన ఆరో వచనం, ఎనిమిదో వచనం తెరిచి చూడండి. చూడవచ్చి, చెడ్డ మాట పోగుచేసుకుని, వీధిలో పలికేవారి గురించి అక్కడ ఉంది. ఆయన ఇంటికి వచ్చారు, లేచి తిరుగుతున్నారు. ఫిర్యాదు గురించి ఆయన ఏమీ అనలేదు, మేమూ అడగలేదు. ఆరాధనకు ఇంకా రాలేదు. రావాలని డబ్బు కట్టలేదు.

ఖర్చు మొత్తం రూ. 1,43,440. నిల్వ రూ. 11,220, బ్యాంకులో ఉంది.

ఇక పుస్తకం. 1000 కాపీలకు ప్రెస్ వారు చెప్పింది 60,000. ఇంకా 40,000 కట్టాలి. పుస్తకానికి ఇస్తామని కూడికల్లో చేతులెత్తి చెప్పిన మొత్తం 85,000. వచ్చింది 62,000. అంటే 23,000 రావాలి. ఆ 23,000 బాకీ ఉన్నవారిలో కొందరే "పుస్తకం ఏది" అని గట్టిగా అడుగుతున్నారు. పేర్లు చదవం, కానీ చెప్పిన మాట గుర్తు చేసుకోమని ప్రేమతో అడుగుతున్నాం. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవారు పాస్టరుగారికి ఒక మాట చెబితే చాలు, మళ్లీ అడగం. ఆ 23,000 వస్తే, నిల్వతో కలిపినా ఇంకా 5,780 తక్కువ పడుతుంది. అది కమిటీ సభ్యులం మా చేతుల నుంచి వేసుకుంటాం. డబ్బు కట్టిన పదిహేను రోజుల్లో కాపీలు ఇస్తామని ప్రెస్ వారు అన్నారు. ప్రూఫులు దిద్దడం అయిపోయింది. రోగుల గురించి మన నర్సమ్మగారు రాసిన ధ్యానం కూడా చేర్చాం.

లెక్కల పుస్తకం, రసీదులు, ఆసుపత్రి బిల్లు, తీర్మానం కాపీ ఆదివారం ఆరాధన తర్వాత గుడిలోని వెస్ట్రీ గదిలో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. బాకీలు కోశాధికారిగారికి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా ఎవరికీ ఇవ్వవద్దు.

సంఘ కమిటీ పక్షాన,
కార్యదర్శి