పాత వాల్వులను పోల్చే ముందు మల్టీమీటరు పట్టుకోండి

సంపాదకులకు,

హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లలో పాతకాలపు వాల్వుల (గాజు వాక్యూమ్ ట్యూబుల) గురించి గత ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయం మీద తెలుగులో పేజీ నిండా రావడమే అరుదు, అందుకు చాలా సంతోషం. అయితే అందులోని కొన్ని సలహాలను ఉన్నదున్నట్టు పాటిస్తే డబ్బు దండగ కావడమే కాదు, యాంప్లిఫయర్‌కు కరెంటు ఇచ్చే పవర్ ట్రాన్స్‌ఫార్మరు కూడా మాడిపోతుంది. "ఒక వాల్వు పీకి ఇంకొకటి పెట్టండి, ఏది బాగుందో మీ చెవులే చెబుతాయి" అని రాశారు. కానీ చెవులు మొట్టమొదట పట్టేది ఏది గట్టిగా మోగుతోందన్నది. రెండింట్లో కొంచెం గట్టిగా మోగేదే మనకు ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది. ఆ తేడా తీసేశాకే మిగతా మాట.

సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా ఇష్టపడే ఓటీఎల్ తరహా, అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లేని యాంప్లిఫయర్ సంగతే చూద్దాం. అందులో ముందు సిగ్నల్‌ను పెంచే 6ఎస్ఎన్7 వాల్వు, వెనక హెడ్‌ఫోన్‌ను నడిపే 6080 గానీ 6ఏఎస్7జి గానీ ఉంటాయి. ఆ 6080 తీసి టంగ్‌సోల్ కంపెనీ 5998 పెడితే పాటకు ప్రాణం వస్తుందని చాలామంది నమ్మకం. దాని ధర కూడా ఆ నమ్మకానికి తగ్గట్టే ఉంటుంది. లెక్క వేసి చూస్తే విషయం తెలుస్తుంది. 6080 మ్యూ (వాల్వు ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 2, ప్లేటు రెసిస్టెన్స్ (వాల్వు లోపలి నిరోధం) 280 ఓమ్‌లు. కాథోడ్ ఫాలోయరుగా, అంటే కాథోడ్ నుంచే సిగ్నల్ తీసుకునే అమరికలో, వాడినప్పుడు దాని గెయిన్ (లోపలికి ఇచ్చినదానికి ఎన్ని వంతులు బయటికి వస్తుందో) 0.67, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సుమారు 93 ఓమ్‌లు. 5998 మ్యూ 5.5, ప్లేటు రెసిస్టెన్స్ సుమారు 350 ఓమ్‌లు. కాబట్టి గెయిన్ 0.85కు పెరుగుతుంది, ఇంపెడెన్స్ 54 ఓమ్‌లకు తగ్గుతుంది. ఈ రెండూ కలిసి, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ మీద, వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండానే 5998 దాదాపు 3 డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. అంటే హెడ్‌ఫోన్‌కు చేరే పవరు రెట్టింపు. వచ్చిందన్న "ప్రాణం"లో ఎక్కువ భాగం ఇదే.

ఆ 3 డెసిబెల్స్ తీసేస్తే ఏం మిగులుతుంది? కొంత మిగులుతుంది, లేదనను. సెన్‌హైజర్ హెచ్‌డీ600 లాంటి హెడ్‌ఫోన్ల ఇంపెడెన్స్ బేస్ దగ్గర 300 నుంచి 500 ఓమ్‌ల పైకి పోతుంది. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువైన కొద్దీ అక్కడ బేస్ ఉబ్బుతుంది. 500 ఓమ్‌ల దగ్గర 6080తో ఆ ఉబ్బు సుమారు 0.9 డెసిబెల్, 5998తో 0.5 దాకా. ఇది మీటరుకు అందే నిజమైన తేడా, శ్రద్ధగా వింటే చెవికీ అందవచ్చు. కొందరికి 6080 "వెచ్చగా" అనిపించడానికి కారణం ఇదే. ఇంకో సంగతి: 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇలాంటి యాంప్లిఫయర్‌లో వాల్వులు పోల్చకండి. 93 ఓమ్‌ల ఇంపెడెన్స్‌తో వచ్చే వోల్టేజీలో నాలుగో వంతే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది, వాల్వు శక్తికి మించి కరెంటు లాగాల్సి వస్తుంది. అప్పుడు మనం వినేది ఆ వాల్వు పడే కష్టమే.

లెవెల్ సరిచేయడం పెద్ద పనేమీ కాదు. 400 హెర్ట్జ్ సైన్ టోన్ ఫైలు ఒకటి పెట్టుకోండి. 1 కిలోహెర్ట్జ్ వద్దు, ఎందుకంటే చౌక మల్టీమీటర్ల ఏసీ రీడింగు పైకి పోయేకొద్దీ తప్పుతుంది. అవుట్‌పుట్‌కు హెడ్‌ఫోన్ గానీ, దాని బదులు ఒక్కో చానల్‌కు 300 ఓమ్‌ల రెసిస్టరు గానీ తగిలించండి. ఆ లోడ్ లేకుండా తీసుకున్న కొలత పనికిరాదు. మొదటి వాల్వుతో 0.500 వోల్టు పెట్టుకుంటే, రెండో దానితో 0.494కూ 0.506కూ మధ్య రావాలి. అది 0.1 డెసిబెల్. సర్దేటప్పుడు యాంప్లిఫయర్ నాబ్ కదపవద్దు, కంప్యూటరు ప్లేయర్ వాల్యూమ్‌తోనే సర్దండి. నాబ్ తిప్పితే పొటెన్షియోమీటరులో ఎడమ కుడి చానళ్ల సమతూకం మారి, ఆ తేడా వాల్వు ఖాతాలో పడుతుంది. రెండు చానళ్లూ విడివిడిగా కొలవండి. ఒకే గాజులో ఉన్న రెండు ట్రయోడ్లలో, అంటే ఒక్కో చానల్‌ను నడిపే సగాల్లో, ఒకటి వాడకంతో బలహీనపడితే గాయని గొంతు మధ్యలోంచి పక్కకు జరుగుతుంది, దాన్నే "స్టేజ్ విశాలమైంది" అనుకునేవాళ్లున్నారు.

ఇంకో ఇబ్బంది ఉంది. వాల్వు చల్లారాలి, మార్చాలి, మళ్లీ వేడెక్కి నిలకడకు రావడానికి కనీసం అరగంట పట్టాలి. అంతసేపు ఒక ధ్వనిని చెవి గుర్తుపెట్టుకోలేదు. అందుకని లోడ్ తగిలించి ఉంచి, అవుట్‌పుట్‌ను కంప్యూటరు సౌండ్ ఇంటర్‌ఫేస్ లైన్-ఇన్‌లోకి ఇచ్చి, ఒకే పాటను రెండు వాల్వులతో 24 బిట్లలో రికార్డు చేసుకోండి. వోల్టేజీ 1 వోల్టు లోపే ఉంచండి, ఇంటర్‌ఫేస్ తీగను యాంప్లిఫయర్ వేడెక్కాకే తగిలించండి. తర్వాత ఫూబార్2000 అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లోని ఏబీఎక్స్ పరీక్షతో, ఏది ఏదో తెలియకుండా పోల్చండి. లెవెల్ సమం చేసిన రెండు ఆరోగ్యమైన 6ఎస్ఎన్7ల మధ్య, అది ఆర్‌సీఏ కానీ సిల్వేనియా కానీ, తేడా చాలామంది అనుకునేదానికంటే చాలా తక్కువ. హమ్, సరసర శబ్దం, గీరుడు శబ్దం, ఇవే ఎక్కువగా తేడా చూపిస్తాయి.

ఇక ట్రాన్స్‌ఫార్మరు సంగతి. "పిన్నులు సరిపోతే చాలు" అన్న వాక్యం మీ వ్యాసంలో అన్నిటికంటే ప్రమాదకరం. 6080 హీటరు (కాథోడ్‌ను వేడిచేసే తీగ) 6.3 వోల్టుల దగ్గర 2.5 యాంపియర్లు లాగుతుంది. 5998 2.4 లాగుతుంది, పర్లేదు. అదే సాకెట్టులో చక్కగా కూర్చునే 6336 మాత్రం 5 యాంపియర్లు లాగుతుంది. గంటసేపు పాట వినేలోపే ట్రాన్స్‌ఫార్మరు వైండింగు వాసన వస్తుంది. 6ఎస్ఎన్7 కుటుంబంలో జీటీ, జీటీఏ, జీటీబీ, సైన్యం పేరైన వీటీ-231, రష్యన్ 6ఎన్8ఎస్, అన్నీ 0.6 యాంపియరే, వాటితో బాధ లేదు. దాని బదులు వాడే ములార్డ్ ఈసీసీ32 మాత్రం 0.95 లాగుతుంది. 12ఎస్ఎన్7 పిన్నులు అవే అయినా 12.6 వోల్టుల హీటరు కాబట్టి 6.3 మీద సరిగా వెలగదు.

చిన్న తొమ్మిది పిన్నుల వాల్వుల్లో గందరగోళం ఇంకా ఎక్కువ. హీటరు కరెంటు ఈసీసీ88కు 365 మిల్లీయాంపియర్లు, ఈ88సీసీ 300, రష్యన్ 6ఎన్23పి 310. కానీ దానికి బదులని అమ్మే 6ఎన్1పి ఏకంగా 600. ఈసీసీ88 ప్లేటు 130 వోల్టులకు మించి తట్టుకోదు, ఈ88సీసీ 220 దాకా తట్టుకుంటుంది. ఈసీసీ82 హీటరు 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులది, 9వ పిన్ను దాని నడిమి కొస. ఈసీసీ88లో 9వ పిన్ను లోపలి తెరకు పోతుంది. 4, 5ల మధ్య 12.6 ఇచ్చే సాకెట్టులో ఈసీసీ88 పెట్టారో, హీటరు క్షణాల్లో పోతుంది. మిగతా ఆరు పిన్నులూ ఒకేలా ఉండడమే అసలు ఉచ్చు.

కొనేటప్పుడు పేరు చూసి కొనకండి. పేరు రంగుతో అచ్చు వేసింది, వేలితో రుద్దితే పోతుంది, కొత్తది వేయడమూ తేలికే. ఫిలిప్స్ కుటుంబం వాల్వుల్లో అడుగున గాజు మీద చెక్కిన కోడ్ చూడండి. రెండో వరుసలో బి7ఏ2 అని ఉంటే బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, 7తో ముగిసే సంవత్సరం, జనవరి, రెండో వారం. డెల్టా గుర్తుంటే హాలండ్‌లోని హేర్లెన్. పైన ఏ పేరున్నా సరే, వాల్వు పుట్టిల్లు అదే. తర్వాత గాజు లోపల మెరిసే వెండి పూత, అంటే గెటరు చూడండి. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయినట్టే, ఎంత అరుదైన వాల్వైనా పారేయాల్సిందే. పెట్టి చూసే వీలుంటే పెన్సిల్ రబ్బరు కొసతో మెల్లగా తట్టండి. హెడ్‌ఫోన్‌లో గంటలా మోగి సాగితే ముందు దశకు పనికిరాదు. 6080ల్లో హమ్ వస్తే ఎక్కువసార్లు హీటరు-కాథోడ్ ఇన్సులేషనే కారణం. ఫాలోయరులో కాథోడు వంద వోల్టుల దగ్గర ఉంటుంది, హీటరు గ్రౌండ్, అంటే సున్నా వోల్టుల దగ్గర. ఆ వత్తిడికి పాత పింగాణీ పూతలోంచి కరెంటు కారుతుంది. పిన్నుల మీది నలుపుకు ఐసోప్రొపైల్ ఆల్కహాలూ, పళ్ల సందుల్లో తోముకునే చిన్న బ్రష్షూ చాలు.

అటక మీది రేడియో విప్పి వాల్వులు తీసుకోమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు. ఆనాటి ఏసీ రేడియోల్లో మామూలుగా ఉండేవి ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80. వీటిలో ఒక్కటీ ఈసీసీ82 సాకెట్టుకో, 6ఎస్ఎన్7 సాకెట్టుకో పనికిరాదు. పోయేది పాడే రేడియో, వచ్చేది ఏమీ లేదు. ఈసీసీ82, ఈసీసీ83 కావాలంటే పాత టేప్ రికార్డర్లు, మైకుసెట్ల యాంప్లిఫయర్లు విప్పేవాళ్ల దగ్గర వెతకాలి. బెంగళూరులో 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ వారి బెల్ వాల్వులు అక్కడ ఇప్పటికీ దొరకవచ్చు. పేరున్న విదేశీ వాల్వుల వెంట పడే ముందు వాటిని కొలిచి చూడండి. మన దగ్గర తయారైన ఈసీసీ83ని తక్కువ చూపు చూడడానికి కారణం నాకు కనిపించదు.

చివరగా, వ్యాసంతో వేసిన ఫొటోలో ఆక్టల్ (ఎనిమిది పిన్నుల బేస్ ఉన్న) వాల్వును గాజు పట్టుకుని పీకుతున్నారు. ఏళ్లు గడిచాక గాజుకూ బేకలైట్ బేస్‌కూ మధ్య జిగురు ఎండిపోతుంది, అలా లాగితే లోపలి తీగలు తెగుతాయి. బేస్ పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ తీయాలి. ముందు హెడ్‌ఫోన్ తీసేయండి, స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయండి, వాల్వు చల్లారనివ్వండి. కింది పలక విప్పి కొలతలు తీసుకునేవాళ్లు ఫిల్టరు కండెన్సరును 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరుతో ఖాళీ చేయాలి. 220 మైక్రోఫారడ్ కండెన్సరుకు పన్నెండు సెకన్లు పడుతుంది. స్క్రూడ్రైవరుతో షార్టు చేయకండి. తర్వాత మీటరుతో 5 వోల్టుల లోపే ఉందని చూసుకుని, ఒక చేయి జేబులో పెట్టుకుని పని మొదలుపెట్టండి. తిరిగి ఆన్ చేశాక నిమిషం ఆగి హెడ్‌ఫోన్ తగిలించండి, లేకపోతే అవుట్‌పుట్ కండెన్సరు చార్జి అయ్యే దెబ్బ దాని మీదే పడుతుంది. ఈ జాగ్రత్తలను అదే అనుబంధంలో, అదే పేజీలో వేయాలని కోరుతున్నాను.

– ఒక ఆడియో టెక్నీషియన్, సికింద్రాబాద్