సాయంత్రం ఆరు తర్వాత కాలేజీ కంప్యూటర్ ల్యాబులు తెరిపించండి: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ, పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్‌బాబు గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్పే అధ్యాపకురాలిని. మిమ్మల్ని ఒక్కటే అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా పగలు పని చేసుకుంటూనే ఏడాదిలో పూర్తి చేయగలిగేలా, ఐటీలో ఒక గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సును కాకతీయ యూనివర్సిటీ చేత వరంగల్‌లో మొదలు పెట్టించండి. దాని మీద యూనివర్సిటీ ముద్ర ఉండాలి. అందులో సంపాదించుకున్న క్రెడిట్లు, అంటే చదివిన గంటలను బట్టి వచ్చే పాయింట్లు, రేపు ఎంసీఏకో ఎమ్మెస్సీకో పనికి రావాలి.

ఎవరి కోసం అడుగుతున్నానో చెప్తాను. మా దగ్గర బీకాం చదివిన ఒక అబ్బాయి వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి (కమిషన్ వ్యాపారి) దుకాణంలో లెక్కలు రాస్తాడు. మిర్చి సీజన్‌లో ఒకసారి అటు వెళ్లినప్పుడు చూశాను. బస్తాల మధ్య చిన్న బల్ల, దాని మీద పాత కంప్యూటర్, కీబోర్డు మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. ఘాటుకు తుమ్ముతూనే తక్‌పట్టీలు (రైతు అమ్మిన సరుకు లెక్క చీటీలు) ఒక్కొక్కటీ ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నాడు. ఏ రైతు, ఎన్ని బస్తాలు, ధర ఎంత, హమాలీకి ఎంత, తూకం వేసే దడ్వాయికి ఎంత, చివరికి రైతు చేతికి ఎంత. ఒకే రైతు పేరు మూడు రకాల స్పెల్లింగులతో పడి లెక్క తేడా వస్తోందని, ఒక్కో రైతుకు ఒక్కో నంబరు ఇచ్చి, పేర్లన్నీ వేరే షీటులో పెట్టి, నంబరు కొడితే పేరు దానంతటదే వచ్చేలా చేసుకున్నాడు. డేటాబేస్ పాఠంలో ప్రైమరీ కీ అని మేం బోర్డు మీద రాసేది ఇదే. అతనికి ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. సొంతంగా కనిపెట్టుకున్నాడు.

ఈ పిల్లవాడు ఒక కంపెనీలో డేటా పని ఉందంటే వెళ్లి వచ్చాడు. "పని వస్తదా అని అడుగలే మేడమ్, సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీదని అడిగిన్రు" అన్నాడు.   ఎంసీఏ చేద్దామంటే, రెండేళ్లు పని మానేసి పగటి క్లాసులకు వెళ్తే ఇల్లు ఎట్లా గడవాలి?

ఇలాంటివాళ్లకు మిగిలింది హైదరాబాద్‌లోని అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లను నేను తక్కువ చేయను, మా పిల్లలు చాలామంది అక్కడే నేర్చుకుని నిలదొక్కుకున్నారు. కానీ కోర్సు ఫీజుకు తోడు హాస్టల్ ఖర్చు, నెలల తరబడి జీతం లేకపోవడం అందరి వల్లా కాదు. ఇంతా చేస్తే వచ్చేది హాజరైనట్టు ఒక కాగితం. దానికి సిలబస్ ఎవరు ఖరారు చేశారో, పరీక్ష ఎవరు పెట్టారో అడిగితే జవాబు ఉండదు. ఇక రెండు రోజుల వర్క్‌షాపు పెట్టి చివర ఫొటో దిగి ఇచ్చే ఈ-సర్టిఫికెట్లయితే మా విద్యార్థుల ఫోన్లలో కుప్పలుగా ఉన్నాయి. వాటిని చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్లు నాకైతే ఇంతవరకు కనబడలేదు.

మన పిల్లలు ఎమ్మెస్‌కు వెళ్లే దేశాల్లో ఈ అవసరానికి ఎప్పుడో దారి చేసుకున్నారు. అమెరికా యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే సాధారణంగా 12 నుంచి 18 క్రెడిట్లు, నాలుగు నుంచి ఆరు సబ్జెక్టులు. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు చదువుకోవచ్చు. తర్వాత మాస్టర్స్‌లో చేరితే చాలాచోట్ల ఆ క్రెడిట్లు అందులో కలుస్తాయి. ఆస్ట్రేలియాలో దేశమంతటికీ ఒకే అర్హతల చట్రం ఉంది, అందులో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌ది ఎనిమిదో స్థాయి, వ్యవధి ఆరు నెలల నుంచి ఏడాది.

మన దగ్గరా నియమాలు అడ్డం లేవు. క్రెడిట్లను దాచుకుని తర్వాత వాడుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2021లోనే నిబంధనలు ఇచ్చింది. అందులో పడిన క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుతాయి. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నేను అడిగే కోర్సు 20 క్రెడిట్లది అనుకోండి, మొత్తం 600 గంటలు. ఏడాదిలో 48 వారాలకు పంచితే వారానికి పన్నెండున్నర గంటలు. మూడు సాయంత్రాలు రెండేసి గంటలు, ఆదివారం నాలుగు గంటలు ల్యాబ్, మిగతా రెండున్నర గంటలు ఇంట్లో. దుకాణంలో పనిచేసేవాడు కూడా ఇది ఈడ్చుకు రాగలడు. నర్సంపేట, పరకాల, జనగామ వైపు నుంచి వచ్చే అమ్మాయిలు రాత్రి బస్సు కోసం బస్టాండులో నిలబడే పని లేకుండా, వాళ్లకు శని, ఆదివారాల బ్యాచ్ వేరుగా ఉండాలి. ఈ ఒక్కటి మరిచిపోతే సగం సీట్లు ఆడపిల్లలకు అందనట్టే.

ఏం చెప్పాలన్నది కూడా మాలాంటివాళ్లను అడగండి. పేరు బాగుందని ఏఐతో మొదలు పెట్టి పునాది వదిలేసిన కోర్సులు చూసి విసిగిపోయాను. పైథాన్‌తో ప్రోగ్రామింగ్, ఎస్‌క్యూఎల్‌తో డేటాబేస్, లినక్స్‌తో పాటు నెట్‌వర్కింగ్, ఒక వెబ్ అప్లికేషన్ మొదటి నుంచి చివరి దాకా కట్టడం. ఈ నాలుగూ గట్టిగా వస్తే చాలు, పైవి వాళ్లే నేర్చుకుంటారు. ఐదోది ప్రాజెక్టు. అది ఎక్కడినుంచో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కాకూడదు. మన జిల్లాల్లో ప్రాజెక్టు రికార్డులు ఎట్లా తయారవుతాయో మా వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. మార్కెట్ లెక్కలో, ఆసుపత్రి ఓపీ చీటీలో, ఎవరి పనిలోని చిక్కును వాళ్లే తీసుకుని, బయటి పరీక్షకుడి ముందు కూర్చుని కోడ్ మార్చి చూపించాలి. అట్లా పాసైనవాళ్ల సర్టిఫికెట్‌కే విలువ ఉంటుంది.

చెప్పేవాళ్లకు కరువు లేదు. 1959లో పునాది పడ్డ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ), ఇప్పటి ఎన్‌ఐటీ, ఇక్కడే ఉంది. 1976 నుంచి కాకతీయ యూనివర్సిటీ ఉంది. 2020లో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా క్యాంపస్‌లు తెరిచాయి, అక్కడి ఇంజినీర్లు ఆదివారం వచ్చి ఒక పూట చెప్పగలరు. మా కాలేజీల్లో ల్యాబులకు సాయంత్రం తాళం పడితే మళ్లీ తెల్లారాకే తీస్తారు. వరంగల్‌లో కుదిరితే కరీంనగర్‌లో శాతవాహన, నిజామాబాద్‌లో తెలంగాణ యూనివర్సిటీ అందుకుంటాయి. మీ నియోజకవర్గం మంథని దగ్గర సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉండనే ఉంది.

యూనివర్సిటీ మీ శాఖ కింద లేదని, విద్యాశాఖ ముఖ్యమంత్రి గారి దగ్గర ఉందని తెలుసు. అయినా ఐటీని హైదరాబాద్ దాటించే బాధ్యత మీది, ఆ ఉద్యోగాలకు మనుషులను తయారు చేసే మాట మీరు ఎత్తితేనే కదులుతుంది. ఫీజును మాత్రం రీయింబర్స్‌మెంట్‌తో ముడిపెట్టకండి. నిధులు రాలేదని కాలేజీ సర్టిఫికెట్ ఆపితే పిల్లలు పడే యాతన ఏటా చూస్తున్నాం. పనిచేసుకునేవాళ్లు కాబట్టి నెల నెలా కట్టుకోగలిగేంత ఫీజు పెట్టండి, పరీక్ష పాసైన నెలలోపు సర్టిఫికెట్, మార్కుల మెమో చేతికి ఇవ్వండి.

మొదటి ఏడాదికి అరవై సీట్లు చాలు. కొత్త భవనం వద్దు, శంకుస్థాపన వద్దు. కావాల్సింది యూనివర్సిటీ, విద్యాశాఖ, మీ శాఖ కలిసి కూర్చుని సిలబస్, క్రెడిట్లు తేల్చే ఒక సమావేశం, ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాల ఐసెట్ కౌన్సెలింగ్ ముగిసేలోపు ఒక నోటిఫికేషన్. ఇంకొకటి, రాత్రి ఎనిమిదిన్నర దాకా ల్యాబ్ తెరిచి ఉంచే అసిస్టెంట్‌కు, వాచ్‌మన్‌కు అదనపు గంటల జీతం బడ్జెట్‌లో ముందే రాసి పెట్టండి. గతంలో సాయంత్రం క్లాసులు పెడదామన్నప్పుడల్లా మా మాట ఆగిపోయింది అక్కడే.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్స్ అధ్యాపకురాలు,
హనుమకొండ