ఎనిమిది నెలల తర్వాత మళ్లీ బొమ్మ గీశాను, అందుకు కారణమైన వాళ్లకి కృతజ్ఞతలు

మొన్న మంగళవారం రాత్రి పదకొండున్నరకి 24 పేజీల పిల్లల పుస్తకానికి చివరి బొమ్మ పూర్తి చేసి పంపించేశాను. మీలో చాలామందికి ఇదేమంత పెద్ద విషయంలా అనిపించకపోవచ్చు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం 14 ఏళ్లుగా నేను చేస్తున్న పనే కదా. కానీ ఈ పుస్తకం చేతికి రాకముందు ఓ ఎనిమిది నెలలు నేను ఒక్క గీత గీయలేదు. గీయలేకపోయాను. ఈ సంగతి ఇంట్లోవాళ్లకీ, ఇంకో ముగ్గురు నలుగురికీ తప్ప ఎవరికీ తెలియదు. నన్ను మళ్లీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది వాళ్లే. విడివిడిగా ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పాను గానీ, నలుగురిలో చెప్పాలని ఉంది. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ఏమైందంటే, పోయినేడు ఒక పుస్తకం అట్ట బొమ్మ పదకొండుసార్లు వెనక్కి వచ్చింది. ప్రతిసారీ ఒకటే మాట, ‘ఇంకొంచెం ఫ్రెష్‌గా కావాలి’. ఏం మార్చాలో చెప్పరు. పన్నెండోది పంపేలోపు అసలు ఆ పుస్తకమే ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. డబ్బు పోయిందన్న బాధ రెండు వారాల్లో తగ్గింది. తగ్గనిది ఇంకొకటి ఉంది. పెన్సిల్ కాగితం మీద పెట్టగానే, గీత పడకముందే ‘ఇదీ పాతగానే ఉంది’ అని లోపల ఎవరో అంటున్నట్టు ఉండేది. చెయ్యి బాగానే ఉంది, కూరగాయలు తరుగుతుంది, మా అమ్మాయి నోటుబుక్కులకి అట్టలు వేస్తుంది, బొమ్మ దగ్గరికి వచ్చేసరికే ఆగిపోతుంది. మగ్గులో వదిలేసిన బ్రష్షులు నీళ్లు ఇంకిపోయి ఎండిపోయాయి, వెంట్రుకలన్నీ ఓ పక్కకి వంగిపోయాయి. వాటిని కడగడానికి కూడా మనసొప్పలేదు. ఎవరైనా అడిగితే బిజీగా ఉన్నానని చెప్పేదాన్ని. ‘మూడ్ వస్తే నువ్వే గీస్తావులే’ అని ప్రేమగా అన్నవాళ్లు ఉన్నారు, ఆ మూడ్ కోసమే ఎదురుచూస్తూ నెలలు గడిచిపోయాయి.

మొదటి కృతజ్ఞత మా వదినకి. నేను ఏమీ చెప్పకపోయినా ఆమె కనిపెట్టింది. పద్మారావునగర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ మగ్గు చూసి, ఒక్క మాట అడగకుండా వంటింట్లోకి తీసుకెళ్లి బ్రష్షులన్నీ సబ్బుతో కడిగి, పాత తువ్వాలు మీద ఆరబెట్టి, అప్పుడు అంది, ‘జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి పోతావా లేదా? ఇదీ అంతే, పద’ అని. సైకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తనే తీసుకుంది, బ్యాంకుకి సెలవు పెట్టి బయట కుర్చీలో గంటసేపు కూర్చుంది. వదినా, ఆ రోజు నువ్వు లేకపోతే నేను మెట్లు ఎక్కేదాన్ని కాదు.

రెండోది ఆ సైకాలజిస్ట్ మేడమ్‌కి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ముందు ఆమె బొమ్మల గురించి అడగనే లేదు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇష్టమైన పనులన్నీ చప్పగా అనిపిస్తున్నాయా, బొమ్మలు ఒక్కటేనా అని అడిగారు. వారాల తరబడి నిద్రలేక, దేని మీదా ఆసక్తి లేక ఉంటే అది వట్టి ‘ఆర్టిస్ట్ బ్లాక్’ అని సరిపెట్టుకోకూడదు, డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం వేరే ఉంటుందని స్పష్టంగా చెప్పారు. ఇది నాలాంటి వాళ్లు ఎవరైనా చదువుతుంటే గట్టిగా గుర్తుపెట్టుకోండి. నా విషయంలో అది కాదని తేలాక అప్పుడు అడిగారు, ‘ఎవరికీ చూపించకుండా నీ కోసం నువ్వు గీసుకున్న బొమ్మ ఆఖరుసారి ఎప్పుడు వేశావమ్మా?’ అని.

నాకు జవాబు దొరకలేదు. ఎంత వెనక్కి వెళ్లినా ప్రతి బొమ్మ ఏదో ఒక ఆర్డర్‌కో, లేదా ఫోన్‌లో పెట్టి పది నిమిషాలకోసారి లైకులు చూసుకోవడానికో వేసిందే. అక్కడ ఏడ్చేశాను.

అప్పుడు ఆమె చెప్పిన ఒక ప్రయోగం నా బుర్రలో అలాగే ఉండిపోయింది. 1973లో మార్క్ లెపర్ అనే సైకాలజిస్ట్, ఇంకో ఇద్దరు కలిసి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని నర్సరీ స్కూల్లో చేశారట. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందునుంచీ ఇష్టమున్న పిల్లల్నే ఎంచుకున్నారు. కొందరికి ‘బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి అసలేమీ ఇవ్వలేదు. తర్వాత కొన్నాళ్లకి ఆ పెన్నులు మామూలుగా ఆడుకోవడానికి పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే వాటితో ఆడారు. అనుకోకుండా అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. నాలుగేళ్ల పిల్లలకే అలా అయితే పద్నాలుగేళ్లుగా ‘బాగుందా, నచ్చిందా, ఓకేనా’ అని అడుగుతూ బతుకుతున్న దాన్ని, నా గతేం కావాలి చెప్పండి? ఇంకోటి కూడా చెప్పారు. 1979లో టెరెసా అమబైల్ అనే సైకాలజిస్ట్ కాలేజీ అమ్మాయిలకి రంగు కాగితాలిచ్చి కొలాజ్‌లు, అంటే ముక్కలు అతికించి చేసే బొమ్మలు, చేయమన్నారు. నిపుణులు చూసి మార్కులు వేస్తారని ముందే తెలిసినవాళ్లవి, ఆ మాట చెప్పనివాళ్ల వాటికంటే కొత్తదనం తక్కువగా వచ్చాయట. ఎవరో చూస్తున్నారన్న టెన్షన్ చేతిదాకా వస్తుందన్నమాట. నా బలహీనత అనుకున్నది మనిషి మనసు తీరే అని తెలియడం, అదే నాకు సగం మందు.

ఆమె ఇచ్చిన హోంవర్క్ చాలా చిన్నది. రోజూ పది నిమిషాలు, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఏదో ఒకటి గీయాలి, చూసుకోకుండా డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఎవరికీ చూపించకూడదు, నేను కూడా నెల దాకా తీయకూడదు. బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి పెట్టుకున్నాను. మొదటి వారం అంతా గీతలే, గళ్లే, ఓ రోజు అచ్చంగా పది నిమిషాలు సున్నాలు చుట్టాను. పన్నెండో రోజో పదమూడో రోజో, పది నిమిషాల అలారం మోగితే చిరాకేసింది, ఇంకా ఉంటే బాగుండనిపించింది. ఆ చిరాకు రావడమే నాకు పండగ.

ఇక సార్ గురించి. మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో మాకు పాఠం చెప్పిన సార్ రిటైరై చాలా ఏళ్లయింది. వదినే ఫోన్ చేసి చెప్పిందట. ఒక ఆదివారం పొద్దున్నే ‘తయారుండు, చేర్యాల పోదాం’ అన్నారు. ఈ వయసులో బస్సులో నా కోసం అంత దూరం వచ్చారు. చేర్యాల నకాషీ బొమ్మలు మీకు తెలిసే ఉంటాయి, ఎర్రటి నేపథ్యం మీద కథలు చెప్పే పొడవాటి పటాలు, కథలు చెప్పే కూనపులివాళ్లు నేతపని చేసే పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు విప్పి చూపించేవి. నేను బొమ్మల్ని చూడబోతే సార్ నన్ను వాకిట్లో గుడ్డ దగ్గర కూర్చోబెట్టారు. ఖాదీ గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపిన పూత పూస్తున్నారు. ఒక పూత పూసి ఎండలో వదిలేశారు. ఆరాక ఇంకోటి. పూత పూసినాయన మధ్యలో వెళ్లి అన్నం తినొచ్చాడు. గుడ్డ దగ్గరికి రాగానే వేలి వెనుక భాగంతో దాన్ని ఒకసారి తాకి, ఇంకా కాలేదని మళ్లీ వెళ్లిపోయాడు. ఆయనలో కంగారు ఇంత కూడా లేదు. పచ్చిగా ఉన్నప్పుడు రంగేస్తే పాకిపోతుందట. నేను గంటన్నర ఆ గుడ్డ ఆరడం చూస్తూ కూర్చున్నాను, చాలా నెలల తర్వాత నా మనసు ఎటూ పరిగెత్తని గంటన్నర అది.

తిరుగు బస్సులో సార్ గ్రాహమ్ వాలస్ గురించి చెప్పారు. ఆయన ఇంగ్లండువాడు, కొత్త ఆలోచన పుట్టే తీరుని నాలుగు దశలుగా 1926లోనే రాశాడు. ముందు సామగ్రి పోగు చేసుకోవడం, తర్వాత పక్కన పెట్టేయడం, ఆ తర్వాత తళుక్కున తట్టడం, చివరికి తట్టినది నిలబడుతుందో లేదో సరిచూసుకోవడం. ఆ రెండో దాన్ని సార్ పొదగడం అన్నారు. కోడి గుడ్ల మీద కూర్చున్నప్పుడు దాన్ని లేపి చూస్తామా అని అడిగారు. నేను చేసిందేమిటంటే, పదకొండుసార్లు లేపి చూశాను. అలాగని ఊరికే కూర్చుంటే వచ్చేది కాదని కూడా ఆయనే గట్టిగా చెప్పారు, మొదటి దశలో సామగ్రి పోగేయకపోతే పొదగడానికే ఏమీ ఉండదు. చిత్రకారుడు తోట వైకుంఠం గారు బరోడా దాకా వెళ్లి చదువుకుని వచ్చి, చివరికి తను పుట్టి పెరిగిన కరీంనగర్ వైపు పల్లె ఆడవాళ్ల బొట్టు, కొప్పు, చీర రంగుల దగ్గరే తన బొమ్మని వెతుక్కున్నారు కదా, నువ్వు రోజూ చూసేదేమిటో చూడు అన్నారు.

నేను రోజూ చూసేది సికింద్రాబాద్ మోండా మార్కెట్. అందుకే పొద్దున్నే నడవడం మొదలుపెట్టాను, జేబులో పట్టేంత నోటుబుక్కుతో. నడక గురించి కూడా తర్వాత చదివాను, 2014లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూస్తే, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు మనుషులకి కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయి, అదీ ఖాళీ గోడ ముందు ట్రెడ్‌మిల్ మీద నడిచినా సరే. నాకైతే గోడ అవసరం లేదు, కూరల బస్తాలు దింపేవాళ్లు, తడి గోనెపట్టా వాసన, కొత్తిమీర మీద నీళ్లు చిలకరించే పిల్లాడు చాలు. నడిచి నడిచి ఇరానీ హోటల్లో కూర్చుంటే, ఒక్క చాయ్‌తో గంటన్నర కూర్చున్నా లెమ్మనకుండా, పుస్తకం తడవకుండా బల్ల తుడిచి పెట్టిన భాయ్‌కి కూడా షుక్రియా. నేనేం గీస్తున్నానని ఆయన ఏనాడూ వంగి చూడలేదు. ఆ చూడకపోవడం నాకెంత మేలు చేసిందో ఆయనకి తెలియదు.

ఈ కొత్త పుస్తకం ఇచ్చిన ఎడిటర్ అక్కకి నా సంగతంతా ముందే చెప్పేశాను. ‘మొదటి ఎనిమిది పేజీలు అయ్యేదాకా నాకు పంపకు, నేనడగను’ అంది. అడగలేదు కూడా. తర్వాత ఏం మార్చాలో చెప్పినప్పుడు, ‘ఏడో పేజీలో మేక చూపు పిల్లాడి వైపు ఉంటే బాగుంటుంది’ అని అంత వివరంగా చెప్పింది. అక్కా, మార్పులు అడగడం నన్ను చంపలేదు, ఏం కావాలో చెప్పకపోవడమే చంపింది, నీతో పనిచేశాకే ఆ తేడా తెలిసింది.

ఇంకొక్కరు మిగిలారు. మోండాలో ఆకుకూరలమ్మే అవ్వ. గోంగూర కట్టలు కట్టేటప్పుడు ఆమె చెయ్యి, బొటనవేలి గోరు పచ్చగా మారిపోయి, అరటినార రెండు చుట్లు తిప్పి పళ్లతో లాగి ముడేస్తుంది, ఆ ముడి మీదే నేను మూడు వారాలు నోటుబుక్కులో సగం పేజీలు నింపాను. కొత్త పుస్తకంలో నాయనమ్మ చేతులన్నీ ఆమెవే. పోయిన శుక్రవారం వాటిలో ఒక పేజీ చింపి ఆమెకిచ్చాను. చాలాసేపు చూసి, ‘గిది నా చెయ్యేనా బిడ్డా’ అంది. అవునన్నాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తమలపాకుల సంచిలో, చిల్లర పక్కన దోపుకుంది. నేను దానికి ఫొటో తీసుకోలేదు.