ముక్కూ మొహం తెలియని ఒకావిడకు, ఇంకొందరికి

నిన్న రెండోసారి వాసన పరీక్ష అయింది. 48కి 23.5 వచ్చాయి. ముందటిసారి 12. చదువుకునే రోజుల్లో ఇలాంటి మార్కులు తెచ్చుంటే ఇంట్లో వీపు చిట్లేది. నిన్న మాత్రం ఆ కాగితం పట్టుకుని మెట్లు దిగేలోపే కళ్లు నిండాయి. ఈ 14 నెలలుగా నా ముక్కు కోసం పాటుపడినవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పుకోవాలని కూర్చున్నాను. పేర్లు రాయడం లేదు, ఎవరి మాట వాళ్లకు తెలిసిపోతుంది. ఒకావిడ పేరైతే నాకే తెలియదు.

ముందు మా ఆడపడుచుకి. నాకు చేసింది మామూలు జలుబే. వారంలో ముక్కు దిబ్బడ పోయింది, గాలి హాయిగా ఆడుతోంది. నోరు చప్పబడిపోయింది, జ్వరం పడి లేచాక ఇంతేలే అనుకున్నాను. ఓ రోజు స్టవ్ మీద గిన్నె అడుగంటి మాడుతుంటే, దాని పక్కనే నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాను. తను వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. తిట్టలేదు, పోట్లాడలేదు. నన్ను కళ్లు మూసుకోమని, ముక్కు కింద ఏదో డబ్బా పెట్టి "ఏంటిది వదినా?" అంది. "ఖాళీ డబ్బా" అన్నాను. అది కాఫీ పొడి. తర్వాత నాలుక మీద చిటికెడు ఉప్పు, నీళ్లు తాగించి చిటికెడు చక్కెర. రెండూ ఠక్కున చెప్పాను. "నీ నాలుకకేం కాలేదు. పోయింది వాసన" అని తేల్చేసింది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లో ఉండే కమ్మదనం) అనే ఐదే నాలుక సొత్తని, మనం రుచి అనుకునే మిగతాదంతా నమిలేటప్పుడు నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనేనని ఆ తర్వాత డాక్టరు చెప్పారు. మా ఆడపడుచు ఏ చదువూ లేకుండా రెండు నిమిషాల్లో పట్టేసింది.

అప్పటికే ఒకచోట రెండుసార్లు యాంటీబయాటిక్స్ మింగించి, "కళ్లు పోలేదుగా, సంతోషించండి" అని పంపారు. ఆ మాట బంధువుల నోట కూడా చాలాసార్లు విన్నాను. దాని గురించి ఇంతకన్నా రాయను.

తర్వాత దొరికిన ఈఎన్‌టీ డాక్టరు ముక్కుసూటి మనిషి (ఆయన వృత్తికి ఆ మాట అతికినట్టు సరిపోయింది). ముందు ప్రశ్నలే ప్రశ్నలు. ఒక్కసారిగా పోయిందా, మెల్లమెల్లగా తగ్గిందా? తలకు దెబ్బ తగిలిందా? ఏమేం మందులు వాడుతున్నారు? లేని వాసనలు వస్తున్నాయా? చెయ్యి వణుకుతోందా, నిద్రలో కాళ్లూ చేతులూ విసురుతున్నారా? ఈ చివరిది ఎందుకని అడిగితే, పార్కిన్సన్స్ జబ్బులో వణుకు మొదలవడానికి కొన్నేళ్ల ముందే వాసన తగ్గడం ఉంటుంది, అందుకని అన్నారు. నాకది లేదని కూడా వెంటనే చెప్పారు, అది మంచిపని. ఆ తర్వాత సన్నటి ఎండోస్కోపు ముక్కులోకి పెట్టి పైకప్పు దాకా చూశారు. వాసన పట్టే పొర ఉండేది అక్కడే, చాలా చిన్న జాగా. పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలు) లేవు, వాపు లేదు. "దారి తెరిచే ఉందమ్మా, అవతల తలుపు తీసేవాళ్లు లేరు" అన్నారు. పాలిప్స్ అడ్డుపడి వాసన పోయుంటే స్టెరాయిడ్లతోనో ఆపరేషన్‌తోనో దారి తీయవచ్చట. నాది వైరస్ దెబ్బ. వాసన నరాల పోగులు పుర్రె ఎముకలోని జల్లెడలాంటి రంధ్రాల గుండా మెదడులోకి వెళతాయి, వాటి ముక్కు వైపు కొసలే వైరస్‌కు నేరుగా దొరుకుతాయి. కోవిడ్‌లో అయితే ఎక్కువగా దెబ్బతినేది నరాలు కాదు, వాటికి ఆసరాగా ఉండే కణాలు.

"ఎప్పటికి వస్తుంది సార్?" అన్నాను.

"చెప్పలేను. ఈ నరకణాలు మళ్లీ పుడతాయి, ఒంట్లో ఆ గుణం ఉన్న నరాలు బహు తక్కువ. నెలలు పట్టొచ్చు. పూర్తిగా రాకపోనూవచ్చు."

ఆ 'చెప్పలేను'కు డాక్టరుగారికి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. అంతదాకా అందరూ వారంలో వచ్చేస్తుందన్నవాళ్లే. ఆ వారాలు లెక్కపెట్టుకుంటూ కుమిలిపోయాను.

పరీక్ష చేసిన కుర్రాడికి కూడా థాంక్స్. మూడేసి వాసన పెన్నులు ముక్కు దగ్గర పెడతాడు, రెండు ఒకటే, తేడాగా ఉన్నది చెప్పాలి. ఇంకో భాగంలో ఒక పెన్ను చూపించి నాలుగు పేర్లు చెబుతాడు, అలాంటివి పదహారు. గుడ్డిగా వేలు పెట్టినా నాలుగు తగులుతాయి, నాకు ఐదు తగిలాయి! మధ్యలో అమ్మోనియా సీసా పెట్టగానే తల వెనక్కి లాక్కుని "వచ్చింది, వచ్చింది" అని అరిచాను. అతను కాసేపు ఆగి, "అది వాసన కాదు మేడమ్, మంట. ఆ ఘాటు వేరే నరం మోస్తుంది, అది మీకు బాగానే ఉంది" అన్నాడు. నా మొహం వాడిపోవడం చూసి, మంచినీళ్లు తెచ్చిచ్చి, మిగతా పెన్నులు పావుగంట తర్వాత మొదలెట్టాడు. బయట ఎంతమంది వేచి ఉన్నారో నాకు తెలుసు.

ఇక ఇంట్లోవాళ్లు. డాక్టరు రాసిచ్చిన వైద్యం నాలుగు సీసాలు: గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ అనే ఆయన బృందం 2009లో ప్రకటించిన పద్ధతట. పొద్దున, రాత్రి, ఒక్కోటి 20 సెకన్ల పాటు మెల్లగా పీల్చాలి, పీలుస్తూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. కనీసం 12 వారాలు. ఏమీ రాని సీసాను రోజుకు రెండుసార్లు పీల్చడం ఎంత విసుగో చెప్పలేను. మా అమ్మాయి ఎదురుగా కూర్చుని గడియారం చూసేది. నేను మానేసిన రోజుల్లో తనే నాలుగు సీసాలూ పీల్చి "నిమ్మ ఇలా ఉంటుందమ్మా" అని వర్ణించేది. ఒక్కదానికీ తలా తోకా లేని వర్ణనలు. ఐదో నెలలో లవంగం సీసా దగ్గర ఏదో కదిలింది. లవంగం అని తెలియలేదు, ఏదో ఉందని తెలిసింది.

ఆ తర్వాతే అసలు నరకం. కాఫీ, ఉల్లిపాయ, గుడ్డు, వేయించినది ఏదైనా సరే, కాలిన రబ్బరూ మురుగూ కలిసినట్టు కంపు. ఆరు కిలోలు తగ్గాను. డాక్టరు ఫోన్‌లోనే, పారోస్మియా అంటారు దీన్ని, కొత్తగా పెరిగే నరాలు ఇంకా సరిగా అతుక్కోనప్పుడు ఇలా అవుతుంది, భయపడొద్దు, చల్లారినవీ వాసన తక్కువవీ తినండి అన్నారు. మావారు మూడు నెలలు ఇంట్లో కాఫీ కలపలేదు. ఆయనను ఎరిగినవాళ్లు ఇది విని ముక్కున వేలేసుకుంటారు. అంతకుముందు రోజుకు పదిసార్లు "నా ఒంటి మీద వాసన వస్తోందా" అని పీక్కు తిన్నాను, రెండుపూటలా చాలక మూడోసారి కూడా స్నానం చేసేదాన్ని. పదిసార్లూ విసుక్కోకుండా దగ్గరికొచ్చి చూసి చెప్పారు.

చివరికి దాచుకున్నది, వెయిటింగ్ హాల్లో నా పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ గురించి. మొదటి పరీక్ష అయ్యాక అక్కడే ఏడుస్తున్నాను. ఆవిడ వచ్చింది చెవి చూపించుకోవడానికి. నా చేతిలో కాగితం చూసి "వాసనేనా? నాదీ పోయింది, ఎనిమిదేళ్లు" అన్నారు. వెల్లకిలా పడి తల వెనక దెబ్బ తగిలిందట, ఆ అదురుకు నరాల పోగులు ఎముక దగ్గరే తెగిపోయాయట. ఇక రాదని చెప్పేశారట. ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పి, "ఇంట్లో గ్యాస్ డిటెక్టర్ ఉందా?" అని అడిగారు. లేదన్నాను. సిలిండర్ గ్యాసుకు వాసన రావడానికి కలిపే మందు మనలాంటివాళ్లకు పనికిరాదు, ఆ గ్యాసు గాలికంటే బరువు, అందుకని డిటెక్టర్ కింద పెట్టించు, పైపు గ్యాసైతే తేలిక, పైన పెట్టించు అన్నారు. పొగ అలారం వేరే. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా తేదీ రాయి, అనుమానం వస్తే పారెయ్యి, రుచి చూసి తేల్చుకోవద్దు. చప్పగా ఉందని ఉప్పూ చక్కెరా గుమ్మరించకు, కరకరలాడేవీ కారంగా ఉండేవీ చల్లనివీ వెతుక్కో. ఒంటి వాసన సంగతి ఒక్కరినే అడుగు, వాళ్ల మాట నమ్ము. ఈ మాటల మధ్యలోనే ఆవిడ నంబరు పిలిచారు, లేచి వెళ్లిపోయారు.

నాకు వస్తుందని ఆవిడ ఆశ పెట్టలేదు, రాదని బెదరగొట్టలేదు. నిన్న వెళ్లినప్పుడు ఆ కుర్చీల వరస అంతా చూశాను, కనబడలేదు. అక్కా, ఇది మీ దాకా వస్తే, డిటెక్టర్ పెట్టించాను. మీరు చెప్పినట్టే, నేలకు జానెడు ఎత్తులో.