సకినాల పిండిలో తడి

షికాగో,
డిసెంబరు 28

చిన్న చెల్లెకు,

ఈ సంక్రాంతికి సకినాలు నువ్వే చేయిస్తనన్నవు, బిడ్డ సారెలోకీ అవే పోవాలంటివి. అందుకే వివరంగ రాస్తున్న. బియ్యప్పిండిని చుట్టలు చుట్టి నూనెల కాల్చే ఈ సకినం కుదిరేదీ చెడేదీ పిండిలోని తడి మీదనే.

బియ్యం రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వాడ్చి, బట్ట మీద నీడకే ఆరనియ్యి. చేతికి తడి తగలాలె, గింజ అంటుకోవద్దు. అప్పుడే పిండి గిర్నికి పంపు. పట్టిచ్చిన పిండిని జల్లించి, గట్టిగ అదిమి, తడిబట్ట కప్పి పెట్టు. అదే రోజు చుట్టాలె. ఇక్కడి దుకాణాల్లో దొరికే పొడి బియ్యప్పిండితో సకినం రాదు. చుట్టంగనే పగుళ్లిస్తది, కాలినంక రాయి లెక్క అయితది. ఇక్కడోళ్లు కూడా నానబెట్టి మిక్సీ పట్టుకోవాల్సిందే.

కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు, చిన్న చెంచాతో నాలుగు చెంచాల ఉప్పు, నాలుగైదు చెంచాల వాము. నువ్వులు తగ్గించకు, సకినం గుల్లగ వచ్చేది వాటితోనే. కారం, వెన్న ఏవీ వద్దు. నీళ్లు కొద్దికొద్దిగ చల్లుకుంట చపాతీ పిండికంటే మెత్తగ కలుపు. మొత్తం ఒక్కసారే కలిపితే మొదటి ముద్ద అయ్యేలోపు మిగిలింది ఎండిపోతది.

చుట్టుడు చేతి పని, రాసి చెప్తే రాదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మధ్యన పిండిని మెలితిప్పుకుంట వదలాలె. నడుమ చిన్న సున్న, దాని చుట్టూ మూడు వరుసలు. వరుసకు వరుస ఆనాలె, లేకుంటే నూనెలో విడిపోతది. తీగ తెగుతుంటే పిండికి నీళ్లు చాలలేదని, జారుతుంటే ఎక్కువైనయని. వాడకట్టు ఆడోళ్లను నలుగురిని పిలువు. రెండు కిలోలు దాటితే ఒక్కదానితోని కాదు.

పాత నూలు చీర మీదనే చుట్టండి. అడుగు తడిని బట్ట పీలుస్తది. అరగంటకు సకినం విరగకుండ లేస్తే చాలు. ఎక్కువసేపు వదిలితే పైన గట్టిపడి లోపల తడి నిలుస్తది. ఆ ఆవిరికి తోవ లేక నూనెలో పేలుతది. మొహం మీద చిట్లే ప్రమాదం, పిల్లలను దగ్గరికి రానియ్యకు. ఫ్యాన్ కింద అసలు ఆరబెట్టొద్దు.

పల్లినూనె బాగా కాగినంక మంట మధ్యకు తగ్గించి, నాలుగైదు కంటే ఎక్కువ వెయ్యకు. చల్లనూనెలో వేస్తే నూనె తాగుతయి. వెయ్యంగనే కదపకు, కొంచెం గట్టిపడ్డంక సన్నపుల్లతో తిప్పు. నురగ తగ్గంగనే తియ్యి. తెల్లగనే ఉండాలె, ఎర్రగయితే చేదెక్కుతది. పూర్తిగ చల్లారినంకనే డబ్బాలో పెట్టు, లేకుంటే మెత్తబడతయి.

మిగిలిన పిండిని పారెయ్యకు, సర్వపిండి చెయ్యి. నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, కారం కలిపి, నూనె రాసిన సర్వ గిన్నెలో పలుచగ ఒత్తు. వేలితో తూట్లు పొడిచి, వాటిల నూనె పోసి, మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు ఉంచు. రెండోది ఒత్తేముందు సర్వను నీళ్లల్లో చల్లార్చు. వేడి సర్వలో పిండి అంటుకుంటది, చెయ్యి కాలుతది.

బియ్యం ఏ రోజు నానబోస్తవో రాయి.

నీ అక్క